మిస్ వాట్సన్ పెట్టిన బువ్వ

మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్' నవల అమెరికాలో 1885లో అచ్చయింది. తెలుగులో మనకు నండూరి రామమోహనరావు అనువాదంగా తెలుసు. మేమూ చిన్నప్పుడు అందరిలాగే చదివాం: నది, తెప్ప, అల్లరి పిల్లోడు, సాహసం. ఆ తెప్ప మీద పారిపోతున్న జిమ్ ఎవరి సొత్తు అని అప్పుడు అడగలేదు. యిప్పుడు అడగక తప్పదు.

అతను మిస్ వాట్సన్ సొత్తు. హక్‌ని చేరదీసిన విధవ డగ్లస్ తోబుట్టువు యీమె. కళ్ళజోడు పెట్టుకున్న బక్కపల్చని ముసలామె, పెళ్ళి కాలేదు. హక్‌కి అక్షరాలు నేర్పుతుంది. నిటారుగా కూచోమంటుంది, కాళ్ళు పైన పెట్టొద్దంటుంది, ఒళ్ళు విరుచుకోవద్దంటుంది. మాట వినకపోతే నరకమేనని భయపెడుతుంది. ప్రార్థన చేయిస్తుంది. రాత్రయితే బానిసల్ని కూడా లోపలికి పిలిచి అందరితో కలిపి ప్రార్థన జరుగుతుంది, ఆ తర్వాత ఎవరి పక్కల మీదికి వాళ్ళు పోతారు. దేవుడి ముందు అందరూ ఒక్కటే! పొద్దున లేస్తే మాత్రం జిమ్ ఖరీదు 800 డాలర్లు. బానిసల వ్యాపారి ఊళ్ళోకి రావడం, దక్షిణాదికి అమ్మేస్తే అంత డబ్బొస్తుందని ఆమె ఆశపడటం జిమ్ చెవిన పడింది కాబట్టే అతను పారిపోయాడు.

ఆమెను చాదస్తపు ముసలిదిగా చూసి నవ్వుకుని వదిలేయడం తేలిక. కానీ నవలలో ఆమె అసలు పని ఆమె ఎదుట లేనప్పుడు జరుగుతుంది. జిమ్ స్వేచ్ఛకు దగ్గరవుతున్నకొద్దీ హక్ మనసు పీకుతుంది. ఆ ముసలామె నీకేం అన్యాయం చేసింది? చదువు చెప్పింది, మర్యాద నేర్పింది, నీ బాగు కోరింది కదా, ఆమె సొత్తు నీ కళ్ళముందే పోతుంటే వూరుకుంటావా అని తనను తానే నిలదీసుకుంటాడు. చూడండి, పిల్లవాడికి చెప్పిన నాలుగు అక్షరాల రుణాన్ని జిమ్ వొళ్ళు తీర్చాలి! చివరికి ఆమెకు రాసిన వుత్తరాన్ని హక్ చించేసి నరకానికే పోతానని తీర్మానించుకుంటాడు. ఆ నరకం కూడా ఆమె చెప్పిందే. ట్వేన్ గొప్పతనం యిక్కడ వుంది, దీన్ని మేం కాదనం.

కర్నూలును ఆనుకునివున్న కల్లూరులో కొందరు హాస్టలు పిల్లలతో కలిసి యీ ఘట్టం చదివాం. మాల, మాదిగ పిల్లలు. తాతలు ఆసాముల దగ్గర జీతాలుండి వచ్చినవాళ్ళు. ముందు తెచ్చుకున్న అప్పు కింద యేడాదికేడాది చాకిరీ. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, అప్పు పుస్తకం మాత్రం చట్టం చదువుకోలేదు. వొక పిల్లోడు అన్నాడు: "మా జేజినాయన గూడా అట్లే అంటాడు సార్. ఆసామి బువ్వ పెట్టినాడు, ఆయప్పను ఏమనగాకు అంటాడు." మేం ఎన్ని వ్యాసాలు రాస్తే ఆ మాటకు సాటి వస్తాయి!

అయితే రెండిట్నీ వొకే గాటన కట్టలేం. బానిసకు ధర వుంది కాబట్టి యజమానికి వాణ్ణి బతికించుకోవాల్సిన అవసరం వుంటుందనీ, అంటరానివాడి విషయంలో ఆ బాధ్యతా ఎవరికీ లేదనీ అంబేద్కర్ వాదించాడు. జిమ్‌కి 800 డాలర్ల ధర. మా పిల్లోడి జేజినాయనకు ధర లేదు, బాకీ వుంది. 1873లో ఫూలే తన 'గులాంగిరీ'ని బానిసత్వం రద్దుకు పాటుపడిన అమెరికన్లకు అంకితమిచ్చినప్పుడు ఆ దేశంలో రద్దు జరిగి ఎనిమిదేళ్ళే. ఇక్కడ అలాంటిది మొదలే కాలేదు.

మాకు నవల ముగింపుతోనే పేచీ. మిస్ వాట్సన్ చచ్చిపోతుంది. జిమ్‌ని అమ్మాలనుకున్నందుకు సిగ్గుపడి వీలునామాలో విడుదల రాసిపోయిందట! యీ సంగతి తెలిసి కూడా టామ్ సాయర్ జిమ్‌ని కొట్టంలో గొలుసుతో వుంచి విడిపించే ఆట ఆడతాడు. ఆట అయ్యాక 40 డాలర్లు చేతిలో పెడతాడు. అంతకుముందు మోసగాడు జిమ్‌ని అమ్ముకున్నదీ 40 డాలర్లకే. అతని నడక, అతని తెగింపు, అతని తెలివి అన్నీ వొక యజమానురాలి పశ్చాత్తాపం కిందికి పోయాయి. హరిజనోద్ధరణ కథల్లో మనకిది బాగా తెలిసిన ముగింపే.

యీ పేజీల దగ్గర ఇందాకటి పిల్లోడే అడిగాడు: "ఆయమ్మ సావకపాయింటే?" పక్కనున్నవాడు యింకోటి అడిగాడు: "సరే సార్, వాళ్ళ పెండ్లామూ పిల్లోల్లూ?"

జిమ్ కష్టపడి డబ్బు కూడబెట్టి భార్యను కొనుక్కోవాలనుకున్నాడు, తర్వాత ఇద్దరూ పనిచేసి ఇద్దరు పిల్లల్నీ విడిపించుకోవాలనుకున్నాడు. వాళ్ళు వేరే యజమానుల సొత్తు, మిస్ వాట్సన్ వీలునామా వాళ్ళను తాకదు. ట్వేన్ చివరి పేజీలు వాళ్ళ మాటే ఎత్తవు. ఆ మాట ఎత్తింది నల్లజాతి రచయిత పర్సివల్ ఎవరెట్, 2024లో వచ్చిన 'జేమ్స్'లో. అందులో జిమ్ తన కథ తానే చెప్తాడు, వీలునామా కోసం కాచుకోడు, భార్యాబిడ్డల కోసం తానే వెనక్కి పోతాడు. ఆ కథ మేం పిల్లలకు నోటిమాటగా చెప్పాం. అర్ధగంట అనుకున్నది రాత్రి హాస్టలు గంట కొట్టేదాకా సాగింది.