బొటనవేలి కింద లెక్కల మార్కు

బడి బస్సు రావడానికి సరిగ్గా అయిదు నిమిషాల ముందు బ్యాగులోంచి ప్రోగ్రెస్ కార్డు బయటికొస్తుంది. పెన్ను మూత అప్పటికే తీసి ఉంటుంది. సంతకం గడి కనిపించేలా కార్డు మడిచి ఉంటుంది, లెక్కల మార్కు మీద బొటనవేలు. వీధిలో హారన్ మోగుతుంటే నాన్న చదవకుండానే గీకేస్తాడని లెక్క. అయిదో తరగతి పిల్లాడికి ఈ తెలివి బడిలో అబ్బింది కాదు. కిందటిసారి 38 వచ్చినప్పుడు ఇంట్లో ఏం జరిగిందో వాడు మరిచిపోలేదు.

ఇంటి తీరుకీ పిల్లల తీరుకీ ఉన్న లంకెను దగ్గర కూర్చుని చూసినవారు సైకాలజిస్టు డయానా బామ్‌రిండ్. 1960లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో నర్సరీ పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ గమనించి, పెంపకాన్ని మూడు రకాలుగా విడదీశారు. ‘చెప్పింది చెయ్యి, ఎదురు మాట్లాడకు’ అనేది ఒకటి. అడిగిందల్లా చేతిలో పెట్టే గారాబం ఇంకొకటి. హద్దు గీసి, అది ఎందుకో చెప్పి, పిల్లల మాట కూడా వినేది మూడోది. మొదటిదాన్ని అథారిటేరియన్ అనీ, చివరిదాన్ని అథారిటేటివ్ అనీ పిలిచి సైకాలజీ విద్యార్థుల్ని ఇప్పటికీ తికమక పెడుతున్నారనుకోండి, అది వేరే సంగతి. అసలు పట్టించుకోని ఇళ్లను నాలుగో రకంగా 1983లో మకోబీ, మార్టిన్ చేర్చారు.

మరో సైకాలజిస్టు స్టాన్లీ కూపర్‌స్మిత్ 1967లో వేసిన పుస్తకం ఇంకా చిత్రంగా ఉంటుంది. తమ మీద తమకు మంచి అభిప్రాయమున్న అబ్బాయిలు ఆడింది ఆట, పాడింది పాటగా పెరిగి ఉంటారనుకుంటాం. తీరా చూస్తే వాళ్ల ఇళ్లలోనే కట్టుబాట్లు ఎక్కువ. నియమాలు స్పష్టంగా ఉన్నాయి, అమలూ గట్టిగానే ఉంది. కాకపోతే కొట్టడం, ‘నువ్వు నా కొడుకువే కాదు పో’ అన్న తరహా బెదిరింపు తక్కువ. తొమ్మిదిన్నరకి పడుకోవాలంటే పడుకోవాల్సిందే. కానీ ఇవాళ పదింటిదాకా ఎందుకు మేలుకోవాలో చెప్పుకునే హక్కు పిల్లాడికుంది.

మన దగ్గర ఆ హక్కుకి ‘ఎదురు సమాధానం’ అని పేరు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత ఎవరి నోట వచ్చినా వెనకాలే చెయ్యి కూడా లేస్తుంది. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా తిరిగిన చలం పిల్లల్ని కొట్టొద్దంటూ ‘బిడ్డల శిక్షణ’ రాసి దశాబ్దాలు దాటాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో బెత్తాన్ని నిషేధించింది. ఇంటి గడప దగ్గర మాత్రం ఆ చట్టం ఆగిపోయింది.

సరే, కొట్టకుండా పొగిడితే? ‘మావాడు బ్రిలియంటండీ’ అని వాడి ఎదుటే చుట్టాలకి చెప్పుకుంటే?

దీన్ని 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లల మీదే పరీక్షించారు. పజిళ్లు చేశాక కొందరిని తెలివైనవాళ్లని మెచ్చుకున్నారు, కొందరిని బాగా కష్టపడ్డారన్నారు. తరవాత కావాలనే కొరుకుడుపడని పజిళ్లిచ్చారు. ఆ దెబ్బ తిన్నాక మళ్లీ సులువైనవిస్తే, తెలివైనవాళ్లనిపించుకున్న పిల్లలు మొదటికంటే తక్కువ చేశారు. అంతకన్నా గుచ్చుకునేది ఇంకొకటి ఉంది. తమకెన్ని వచ్చాయో వేరే బడి పిల్లలకి రాసి పంపమంటే, వీళ్లలో మూడోవంతుకు పైగా మార్కులు పెంచి రాశారు. అదీ బొటనవేలే.

మెచ్చుకోలు మంత్రం కాదనుకోండి. శ్రమతో తెలివి పెరుగుతుందన్న డ్వెక్ సిద్ధాంతాన్ని తరవాత పెద్ద ఎత్తున పరీక్షిస్తే బళ్లలో కనిపించిన ఫలితం స్వల్పమే. పైగా పెంపకం ఒకవైపు నుంచే నడిచే బండి కాదు. పెంకి పిల్లాడు నెమ్మదస్తుడైన తండ్రిచేత కూడా కేకలు పెట్టిస్తాడు.

పక్క వాటాలో పిల్లాడికి కూడా లెక్కల్లో 38 వచ్చింది. కార్డు ముందురోజు సాయంత్రమే బల్ల మీదుంది. తల్లి దాన్ని పక్కనపెట్టి ఆన్సర్ పేపర్ తెమ్మంది. భాగహారాల్లో మూడుచోట్ల భాగఫలంలో సున్నా వెయ్యలేదు.

“ఇక్కడేమైందిరా?”

“టైమైపోతోందని కంగారుపడ్డానమ్మా.”

సెల్‌ఫోన్ అరగంట కోత అంది. బేరమాడి ఇరవై నిమిషాలకి దింపాడు. అన్నానికి ముందు నాలుగు భాగహారాలు. రెండోది మళ్లీ తప్పింది. తల్లి నోరు తెరవబోయేలోపే రబ్బరు అందుకున్నాడు.