కారుణ్యమా, ఇచ్ఛయా? మరణ వివాదమునందలి మాటల విమర్శ

ఒక వివాదము చిరకాలము తెగకున్నచో, దానికి కారణము వాదించువారి పట్టుదలయే యని తలంచుట సహజము. కాని వివాదమునకు పెట్టిన పేరు సరిగా లేకపోవుటయు పెక్కుమారులు కారణమగును. తీరని వ్యాధితో మంచమున పడిన మనిషి తన తుదిని తానే నిర్ణయించుకొనవచ్చునా, వైద్యుడు అందుకు తోడ్పడవచ్చునా అను ప్రశ్నపై మనదేశమున జరుగుచున్న చర్చ అట్టిది. న్యాయస్థానములు మాటలను వేరుపరచి చాలకాలమైనను, పత్రికలును, పత్రికలను చదివి తర్కించు జనులును వానిని ఇంకను కలిపియే వాడుచున్నారు.

చెన్నపట్టణమునకు ఉత్తరమున గూడూరు రైలు మార్గముపై నున్న కవరైపేట్టైయందును, దాని ఇరుగుపొరుగున నున్న గుమ్మిడిపూండి, పొన్నేరి ప్రాంతములందును తెలుగు, తమిళము ఒకే వీధిలో వినబడును. ఒకే వార్త ఇచట రెండు భాషలలో రెండు పేర్లతో చేరుచుండును. తమిళ పత్రికలు ‘కరుణైక్ కొలై’ అని వ్రాయును. తెలుగు పత్రికలు ‘కారుణ్య మరణము’ అని వ్రాయును. పూర్వపదము రెండింటను ఒక్కటే. ఉత్తరపదమునందు మాత్రము తమిళుడు ‘కొలై’ అనగా హత్య యనుచున్నాడు. తెలుగువాడు మరణ మనుచున్నాడు. హత్యయనినంతనే చంపినవాడెవ్వడను ప్రశ్న పుట్టును. మరణ మనినచో కర్త కనుమరుగగును. పండు రాలినట్లు తనంత తాను జరిగిన సంగతివలె తోచును. ఒక భాష చదువరి మనస్సున ముందే నేరమును నిలుపుచుండగా, వేరొక భాష నేరమున్నచోట సైతము దానిని కప్పిపుచ్చుచున్నది.

ఈ భేదముకంటె ముఖ్యమైనది రెండు పదములకును సమానమైన లోపము. ‘కారుణ్య మరణము’ అను సమాసమునకు ‘కారుణ్యముచేత నైన మరణము’ అని విగ్రహము చెప్పవలెను. ఆ కారుణ్యము ఎవ్వరిది? చూచువారిది, సేవచేయువారిది, అనుమతి నిచ్చువారిది. మరణించువాని కోరికకు గాని, నిరాకరణమునకు గాని ఈ సమాసమున తావు లేదు. ఎవ్వని మరణమో వానిని విడిచి, ఎదుటివాని హృదయమును వర్ణించు పదమిది.

2004లో హైదరాబాదున జరిగిన ఉదంతము ఇందుకు తార్కాణము. కె. వెంకటేశ్ అను యువకుడు చదరంగపు ఆటగాడు. కండరములు క్రమక్రమముగా క్షీణించు వ్యాధికి లోనై, ఇరువది యైదేండ్ల ప్రాయమున ఆసుపత్రిలో కృత్రిమ శ్వాసపై ఆధారపడెను. తన అవయవములు చెడిపోకముందే అవి ఇతరులకు ఉపయోగపడవలెనని అతడు కోరెను. ఆ కోరికను తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుంచినది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టము ప్రకారము, బ్రెయిన్ డెత్ నిర్ధారణ కానిదే ఒక మనిషి ప్రాణమునకు ఆధారమైన అవయవములను తీయరాదు. కోర్టు అనుమతింపలేదు. ఆ డిసెంబరులోనే వెంకటేశ్ మరణించెను. పదునెనిమిదేండ్ల తరువాత, 2022లో, ఈ ఉదంతము ఆధారముగా రేవతి దర్శకత్వమున ‘సలాం వెంకీ’ అను హిందీ చలనచిత్రము వచ్చినది.

నాడు ఈ విషయమంతయు ‘కారుణ్య మరణము’ అను శీర్షిక క్రిందనే చర్చింపబడెను. నిజమునకు వెంకటేశ్ కోరినది ఇతరుల కరుణ కాదు. తానే ఇతరులకు ఈయదలచెను. అతని కోరికలో రెండు అంశములు పెనవేసికొని యున్నవి. యంత్రసాయము వలదనుట యొకటి. ప్రాణముండగనే అవయవములు తీయుట మరియొకటి. మొదటిది చికిత్సను నిరాకరించుట. రెండవది వైద్యుని చేతితో మరణమును కలిగించుట. ఈ రెంటిని విడదీసి విచారించుటకు పత్రికలు వాడిన పదము తోడ్పడలేదు. కావున అనుకూలురు నిర్దయ యనిరి, ప్రతికూలురు హత్య యనిరి. ఒకరి మాట వేరొకరికి తగులలేదు.

కారుణ్యము తీర్పునకు ప్రమాణము కాజాలదని అరుణా శాన్‌బాగ్ గాథ మరింత స్పష్టముగా తెలుపును. 1973లో ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రియందు నర్సుగా నుండిన ఆమె, క్రూరమైన దాడికి గురియై, తెలివి తిరిగి రాని స్థితిలో 41 ఏండ్లకు మించి జీవించెను. ఆమెకు ఆహారము నిచ్చుట నిలుపవలెనని రచయిత్రి పింకీ విరానీ సుప్రీంకోర్టు నర్థించెను. ఆసుపత్రి నర్సులు అందుకు అంగీకరింపలేదు. తమ సహోద్యోగినిని ఏండ్ల తరబడి కడిగి, తినిపించి, కాపాడినవారు వారు. 2011 మార్చి 7న కోర్టు ఆ ప్రార్థనను త్రోసిపుచ్చుచునే, చికిత్సను ఉపసంహరించుటకు కొన్ని నియమములతో మార్గము నేర్పరచెను. అరుణ 2015 మే 18న మరణించెను. ఇచట కారుణ్యము ఎవ్వరియందు లేదు? బాధ తొలగవలెనని కోరిన రచయిత్రి యందును కలదు, ఊపిరి నిలువవలెనని కోరిన నర్సులయందును కలదు. రెండు పక్షములను సమానముగా సమర్థించు మాట ఏ పక్షమును నిర్ణయింపలేదు. నిర్ణయింపగలిగినది అరుణ ఇచ్ఛ యొక్కటే. దానిని తెలిసికొను మార్గము లేకపోయెను.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ‘కామన్ కాజ్’ సంస్థ అభ్యర్థనపై చెప్పిన తీర్పు ఈ లోటునే పూరించినది. తుదిదశలో కృత్రిమ సాధనములచే ప్రాణమును పొడిగించుట వలదని, వయస్సు వచ్చి మనస్సు స్థిరముగా నున్న వ్యక్తి ముందుగనే వ్రాసిపెట్టుకొనవచ్చును. ప్రజలు దీనిని ‘లివింగ్ విల్’ అనుచున్నారు. 2023 జనవరి 24న కోర్టు దీని నియమములను సడలించినది. మెజిస్ట్రేటు సంతకమునకు బదులుగా, ఇద్దరు సాక్షులతో నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరించిన చాలును. దానిని అమలుపరచుటకు ముందు రెండు వైద్యబృందములు రోగిని గూర్చి నిర్ణయము చెప్పవలెను. ప్రాణాంతకమైన మందునిచ్చి చంపుట మాత్రము ఈ తీర్పులు అనుమతింపలేదు. 2002 నుండి నెదర్లాండ్సునందును, 2016 నుండి కెనడాయందును చట్టము సమ్మతించిన పద్ధతి వేరు. ఇచట సమ్మతమైన పద్ధతి వేరు. రెండింటిని ‘కారుణ్య మరణ’ మనియే పిలుచుట వలన, తీర్పు వెలువడినప్పుడు పెక్కుమంది వైద్యుని సూదిమందుకే అనుమతి వచ్చినదని భ్రమపడిరి.

ఇచ్ఛ యనినంతనే ఉభయపక్షములవారును భీష్ముని తలంతురు. స్వచ్ఛంద మరణము మన సంప్రదాయమున నున్నదని ఒకరు, ఉత్తరాయణము వచ్చువరకు ఓర్చుటయే ధర్మమని వేరొకరు. ఇరువురును కథలో సగమునే చదివిరి. అంపశయ్యపై నున్న పితామహుని వద్దకు బాణములను పెరుకుటలో నేర్పరులైన వైద్యులు వచ్చిరి. ఆయన వారికి ధనమిచ్చి సత్కరింపించి, చికిత్స వలదని పంపివేసెను. తల వ్రేలాడుచుండగా తలగడ నడిగెను. అర్జునుడు బాణములతోనే దానిని అమర్చెను. దప్పికకు నీరడిగెను, అదియును అతడే తెచ్చెను. ఏబది యెనిమిది రాత్రుల పిమ్మట తాను కోరిన వేళకు ప్రాణములు విడిచెను. చికిత్సను నిరాకరించుట, ఉపశమనమును కోరుట, కాలమును తానే యెన్నుకొనుట అను మూడు పనులు ఇచట వేర్వేరుగా కానవచ్చుచున్నవి. నీరు పట్టినవాడు చికిత్స వలదన్న మాటను ధిక్కరింపలేదు. వైద్యులను పంపివేసినవాడు నీటిని వలదనలేదు. వైద్యమును మానుటయనగా రోగిని విడిచిపెట్టుట కాదని చెప్పుటకు ఇంతకంటె చక్కని ఘట్టము దొరకదు.

తన పతనమునకు ఉపాయమును పాండవులకు తెలిపినది భీష్ముడే కదా యని ఆక్షేపము రావచ్చును. అది యుద్ధధర్మమునకు చెందిన సంగతి; శయ్యపై పడిన పిమ్మట ఆయన ఎవ్వరిచేతను తన ప్రాణమును తీయించుకొనలేదు. అంతమాత్రమున, వైద్యుని సాయముతో మరణించుట తప్పని భీష్ముడు తీర్పు చెప్పినట్లు కాదు. ఆయనకు వరము కలదు, సాయముతో పనిలేదు. వరములేని మనిషి ఏమి చేయవలెనను ప్రశ్నకు ఆ కథ ఉత్తరము నీయదు. దానిని ఆ ప్రశ్నకు సాక్ష్యముగా పిలుచుటయే తగదు.

ఇచ్ఛను ప్రమాణముగా గొన్నంతనే చిక్కులన్నియు తీరవు. అసలు భయము ఇచటనే మొదలగును. తమిళనాడు దక్షిణ జిల్లాలలో ‘తలైక్కూత్తల్’ అను దురాచారము కలదు. మంచమున పడిన వృద్ధునికి తెల్లవారుజామున తలకు నూనె దట్టముగా పట్టించి, చన్నీటి స్నానము చేయించి, పిమ్మట కొబ్బరినీరు త్రాగింతురు. దానితో జ్వరము వచ్చి మరణము సంభవించును. పైకి చూడ నది తలంటు, లోన అది హత్య. ఈ విషయముపై ప్రియా కృష్ణస్వామి తీసిన తమిళ చిత్రము పేరు ‘బారం’. 2019లో ప్రకటించిన జాతీయ పురస్కారములలో అది ఉత్తమ తమిళ చిత్రముగా నెన్నికైనది. ఆ పేరునకు తెలుగు అనువాదము అక్కరలేదు. అది మన ‘భారము’ అను మాటయే. “నేను మీకు భారమైతిని, నన్ను పోనిండు” అని వృద్ధుడు పలికినప్పుడు, అది ఆయన ఇచ్ఛయా, ఇంటివారి ముఖములయందు ఆయన చదివిన వాక్యమా? కెనడా 2021లో, మరణము సమీపింపనివారికి సైతము ఈ సాయమును విస్తరించినపుడు, వికలాంగుల సంఘములు అడిగినదియు ఇట్టి ప్రశ్నయే: బ్రతుకుటకు తగిన సాయము చేయని సమాజము చచ్చుటకు సాయము చేయుట న్యాయమా?

2016లో చిత్తూరు జిల్లాలో జరిగిన సంగతి దీనికి తెలుగునాట జవాబు. కాలేయవ్యాధి గల పసిబిడ్డకు వైద్యము చేయించు స్తోమతు లేక, మరణమునకు అనుమతి నిండని తల్లిదండ్రులు న్యాయస్థానము నాశ్రయించిరి. పత్రికలు దీనిని గూడ ‘కారుణ్య మరణము’ అనియే వ్రాసినవి. వార్త వ్యాపించిన పిమ్మట శస్త్రచికిత్స వ్యయమును భరించుటకు ప్రభుత్వము ముందుకు వచ్చినది. అనగా ఆ అర్జీలో మరణమని వ్రాసియున్నచోట చదువవలసిన మాట వైద్యము. పేదరికము వ్రాయించిన కోరికను ఇచ్ఛగా గణింపరాదు. నొప్పి వ్రాయించిన కోరికయు అట్టిదే. నొప్పిని అణచు మార్ఫిన్ సులభముగా లభించుటకై 2014లో మాదకద్రవ్యముల చట్టమును సవరించిరి. ఆ మందును, ఉపశమన చికిత్సను రోగికి అందింపకయే అతని తుది కోరికను అడుగుట, తలగడ నీయకయే భీష్ముని నిర్ణయమును అడుగుట వంటిది.

కావున పదములను సరిచేసికొనుట పండితుల వినోదము కాదు. రోగి వలదన్న యంత్రమును తొలగించుటను ‘చికిత్సోపసంహరణ’ మనవలెను. రోగి కోరగా వైద్యుని తోడ్పాటుతో కలుగుదానిని ‘సహాయ మరణ’ మని, అది మనదేశమున చట్టసమ్మతము కాదని స్పష్టముగా వ్రాయవలెను. రోగిని అడుగకయే ముగించుదానిని, తలంటు చాటున జరిగినను, కారుణ్యము పేరిట జరిగినను, హత్య యనియే యనవలెను. సహాయ మరణమును చట్టము అంగీకరింపవలెనా వలదా యను వాదము మున్ముందును సాగును, సాగవలెను. కాని అది ఈ మూడింటిని కలగలపక సాగవలెను.

ఎల్లప్రాంతమున నున్న తెలుగువారికి ఇందు ఒక ప్రత్యేకమైన పని కలదు. ఇచటి వృద్ధులలో తెలుగు మాత్రమే చదువనేర్చినవారు కలరు. చెన్నపట్టణపు ఆసుపత్రులలో సంతకమునకై ముందుంచు కాగితములు ఆంగ్లమున నుండును. వాని సారాంశమును బిడ్డలు తమిళమున విని, తెలుగున క్లుప్తముగా చెప్పుదురు. మూడు భాషలు దాటి వచ్చునప్పటికి పెద్దవాని ఇచ్ఛ ఎంత మిగులును? ఆరోగ్యముగా నున్న దినములలోనే, ఇంటిలోని పెద్దలను కూర్చుండబెట్టి, వారు వేటిని కోరుదురో, వేటిని వలదందురో అడిగి, వారి మాటలలోనే తెలుగున వ్రాసి, చదివి వినిపించి, సాక్షులముందు సంతకము చేయించుట బిడ్డల ధర్మము. అది చావును గూర్చిన అమంగళపు మాట కాదు. పెద్దలకు వారి నోటిమాటను వారికే మిగుల్చుట.