మాల్గుడి బాలుర ఇంగ్లీషు : కళాశాల, వార్తాపత్రిక, క్రికెట్టు

ఇంగ్లీషు రావలెనన్నచో హిందూ పత్రికను చదువుమని చెప్పని పెద్దలు దక్షిణదేశమున అరుదు. ఈ హితవు చెన్నపట్టణమున పుట్టినను అక్కడనే నిలువలేదు. బళ్ళారి, కోలారు, హోసూరు ప్రాంతముల తెలుగు ఇండ్లలో సైతము తరతరములుగా వినబడుచున్నది. 1878లో వారపత్రికగా వెలసి, 1889లో దినపత్రికయైన ఆ పత్రిక వార్తల కొఱకు గాక వ్యాకరణము కొఱకు చదువబడుట దాని స్థాపకులు ఊహించియుండని గౌరవము. పిల్లవాడు సంపాదకీయమును బిగ్గరగా చదువును. తండ్రి పడకకుర్చీలో కూర్చుండి వినును. తెలియని మాటల క్రింద ఎఱ్ఱసిరాతో గీతలు పడును. ఏడాది గడచిన పిదప గీతలు మిగులుట నిశ్చయము. మాటలు మిగులుటయే సందేహము.

ఇటీవలి బోధకులు ఈ నియమమును కొంత సడలించిరి. సంపాదకీయమే కానేల? బాలునకు ఏది ప్రీతియో దానినే చదువనిండు. కళాశాలా జీవితమును గూర్చిన కథలు, ఏ నాటి వార్తలు ఆ నాడు, ఆటల విశేషములు, వీనియందలి ఆసక్తియే భాషను వెంటబెట్టుకొని వచ్చునని వారి వాదము. ఇది వినుటకు ఇంపుగా నున్నది. ఎంతవఱకు నిజమో పరీక్షింపదగియున్నది. అట్టి పరీక్షకు ఆర్. కె. నారాయణ్ రచించిన మూడు నవలలు మిక్కిలి అనువైనవి. ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ (1935), ‘ది బాచిలర్ ఆఫ్ ఆర్ట్స్’ (1937), ‘ది ఇంగ్లీష్ టీచర్’ (1945) అను వీనియందు పాఠశాల, కళాశాల, వార్తాపత్రిక, క్రికెట్టు అన్నియు కలవు. పైగా తేలికయైన ఇంగ్లీషు అను పేరిట ఈ గ్రంథములనే నేర్చుకొనువారి చేతికిచ్చుట పరిపాటియైనది.

విషయము లేని ఇంగ్లీషు ఎట్లుండునో తెలుగువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో నూతనరూపము దాల్చిన ‘కన్యాశుల్కము’న గురజాడ అప్పారావు దానిని శాశ్వతముగా చిత్రించెను. కొడుకు ఇంగ్లీషు మాటలాడగా వినవలెనని తల్లి ముచ్చటపడును. గిరీశము, వెంకటేశము ఒకరి కొకరు బదులిత్తురు. ఆ బదుళ్ళలో ఒకటి పసిపిల్లల పాట, ఒకటి రేఖాగణితపు సూత్రము, ఒకటి బహువచనములను గూర్చిన వ్యాకరణ నియమము. అర్థమేమని యడిగినచో సెలవులలో చదువవలసిన దానిని గూర్చి మాటలాడుకొనుచున్నామని గిరీశము నిబ్బరముగా చెప్పును. అచట ఇంగ్లీషు కలదు, చెప్పవలసినది లేదు. ప్రేక్షకులు నవ్వుదురు గాని, ఆ బాలుని పుస్తకములలో ఆ మూడు రకములకంటె వేఱేమి యుండెనని అడుగువారు తక్కువ.

మాల్గుడి బాలురకు అట్టి కొఱత లేదు. వారికి చెప్పవలసినది పుష్కలముగా నున్నది. కథాకాలము 1930. రాజం, మణి, స్వామినాథన్ కూడి క్రికెట్టు జట్టొకటి నెలకొల్పిరి. ఇంగ్లండునందలి ఎం.సి.సి. పేరునే తమ జట్టునకు పెట్టుకొనిరి. మొదటి అక్షరము మాల్గుడికి చెల్లునని సమాధానపడిరి. బంతి వేయుటలో నేర్పరియైన స్వామికి ‘టేట్’ అను బిరుదము లభించెను. ససెక్స్ బౌలరగు మారిస్ టేట్ 1926–27లో గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన జట్టుతో భారతదేశమున ఆడినవాడే గావున, ఆ పేరు ఈ బాలుర నోట పలుకుట వింత గాదు. పత్రికలు తెచ్చిన పేరు వీధిపిల్లల పిలుపుగా మాఱినది. ఆసక్తియే గురువను వాదమునకు ఇంతకంటె మంచి సాక్ష్యము దొరకదు.

అయితే నారాయణ్ అంతటితో విడువలేదు. బాలురు మదరాసులోని బిన్ను సంస్థకు బ్యాట్లు, బంతులు పంపుడని ఉత్తరము వ్రాసిరి. ఆ యుత్తరమున తప్పులుండవచ్చును గాని, చెప్పదలచినది సంస్థవారికి తెలిసినది. బదులు వచ్చినది. ఆర్డరుతో నూటికి 25 వంతుల సొమ్ము ముందుగా పంపినచో కృతజ్ఞులము, తక్కినది వి.పి.పి. ద్వారా చెల్లింపవచ్చునని దాని సారాంశము. ముగ్గురు తలలు దగ్గఱ చేర్చి చదివిరి. సామాను వచ్చునో రాదో వారికి తేలలేదు. ‘ఓబ్లైజ్డ్’ అను మాట మణికి కొఱుకుడు పడలేదు. నిఘంటువును తెఱచి అర్థము చూపిరి. అయినను ఆ మాటకు ఆ చోట పనియేమో అతనికి తోచలేదు. తమకు వందనములు చెప్పినవారు సామాను పంపకుందురా, పంపదలచనిచో తిట్టియుండెడివారు గదా యని స్వామి వాదించెను. పరీక్షలో నూటికి 60 మార్కులు తెచ్చుకొన్న నీకే ఈ యుత్తరము తెలియలేదా యని రాజమును నిలదీసెను. బి.ఏ. చదివినవానికి సైతము ఇది తెలియదని రాజం కసరుకొనెను. కడపట ఆ యుత్తరము మఱి యెవరిదో పొరపాటున తమకు చేరినదని నిశ్చయించి, దానిని తిరుగు టపాలో పంపివేసిరి.

దీనిని హాస్యఘట్టముగా మాత్రమే మెచ్చుకొనుట విమర్శకులకు అలవాటు. భాష నేర్పువానికి ఇది హాస్యమొక్కటియే కాదు. ఈ బాలురకు క్రికెట్టు మాటలెల్ల వచ్చును. ఏలయన బ్యాటు చేతిలో నున్నది, వికెట్టు కన్నుల యెదుట నున్నది. వస్తువు ముందు, మాట పిదప. ‘ఓబ్లైజ్డ్’ అను మాటకు వెనుక వస్తువు లేదు. అమ్మువానికి కొనువానికి నడుమ నుండవలసిన మర్యాద మాత్రమున్నది. ఆ మర్యాద మైదానమున నేర్వబడదు, నిఘంటువున దొరకదు. మన పూర్వుల జాబులలో ‘ఉభయకుశలోపరి’ యని యుండుట చూచి నేటి తెలుగు బాలుడును ఇట్లే తెల్లబోవును. మఱొక విశేషము. స్వామి మాటలు తెలియక పోయినను ఉత్తరపు ధోరణిని పట్టుకొనెను. అందు తిరస్కారము లేదని అతడు చేసిన నిర్ణయము సరియైనదే. అరువదిమార్కుల రాజమునకంటె అతడు మంచి పాఠకుడు.

రాజము ఇంగ్లీషు సంగతి వేఱు. అతడు దొరలవలె మాటలాడునని బడిలో ప్రతీతి. అందుచేతనే అతని మాటలు అచట పెక్కుమందికి బోధపడవని నారాయణ్ మెల్లగా చురక వేసెను. ఈ చురకను పట్టుకొనగల పాఠకు డెవడు? ఇంగ్లీషు బాగుగ వచ్చినవాడే. నారాయణ్ వాక్యములు చిన్నవి, మాటలు తెలిసినవే. కాని ఆయన చెప్పినది ఒకటి, సూచించినది ఒకటి. నేర్చుకొనువానికి మొదటిది దక్కును, రెండవది జాఱిపోవును. కావున ఇవి తేలిక పుస్తకములన్న ప్రఖ్యాతి సగము మాత్రమే నిజము.

ఈ చిక్కు ‘ది బాచిలర్ ఆఫ్ ఆర్ట్స్’నందు మఱింత స్పష్టము. అందలి చంద్రన్ ఆల్బర్ట్ కళాశాలలో బి.ఏ. చదువుచుండును. గ్రంథారంభముననే విద్యార్థిసంఘపు చర్చ వచ్చును. చరిత్రకారులను అందఱికంటె ముందు చంపవలెనను తీర్మానముపై చరిత్ర విద్యార్థియే మాటలాడవలసి వచ్చినది. మన కళాశాలలలో ఇట్టి చర్చలు జరిగినపుడు కఱవాలమా కలమా యను విషయమునకే పూనుకొనువారు దీనిని చదివి తబ్బిబ్బగుదురు. ఆ పరిహాసము ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి సంఘములనుండి అరువు వచ్చినది. మాల్గుడిలో అది వేఱు రుచి కలిగియున్నది. పెద్దమనుషుల వేషము వేసికొన్న పిల్లల సందడిగా నున్నది. సంఘము, ప్రిన్సిపాలు బ్రౌను, పరీక్షకు ముందు చంద్రన్ వేసికొన్న చదువుల కాలపట్టిక, ఇవి చదువువానికి సుపరిచితములు. అందుచే మాటలు సులభముగా అంటును. ఈ పుస్తకపు మేలు అంతయు ఈ పూర్వభాగమున నున్నది. చంద్రన్ ప్రేమ, సన్న్యాసము వచ్చుసరికి భాష నేర్చుకొనువాడు కథవెంట పరుగెత్తును, మాటలను చూడడు. అది దోషము కాదు. కాని ఆ పుటలను వాచకముగా నిర్ణయించుట తగదు.

ఈ చంద్రన్ పట్టభద్రుడైన తరువాత ఏమి చేసెను? ‘డెయిలీ మెసెంజర్’ అను పత్రికకు మాల్గుడిలో ఏజెంటుగా కుదిరి, చందాదారులను సంపాదించుటకు ఊరంతయు తిరిగెను. బి.ఏ. చదివినవానికి సైతము తెలియదన్న ఆ వర్తకుల భాషయే అతనికి అన్నము పెట్టినది. కళాశాల అతనికి నేర్పినది అది కాదు. ఈ సంబంధమును గ్రంథకర్త ఎత్తిచూపలేదు. రెండు నవలలను ప్రక్క ప్రక్కన పెట్టినచో దానంతట అదియే కనబడును. నారాయణ్ స్వయముగా విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో ఒకమాఱు తప్పి, ఏడాది కాలము ఇంటియొద్ద చదువుచు వ్రాయుచు గడపినవాడు. 1930లో మైసూరున పట్టభద్రుడై, కొంతకాలము మదరాసునందలి ‘జస్టిస్’ పత్రికకు వార్తలు పంపినవాడు. తప్పినయేడు ఆయనకు చేసిన మేలు ఏ వాచకమును చేసియుండదు.

‘ది ఇంగ్లీష్ టీచర్’ నందు ఒక చిన్న ఘట్టము ఇతర రాష్ట్రముల తెలుగువారు రెండుమాఱులు చదువదగినది. ఆనర్సు తరగతి విద్యార్థి యొకడు ఆ మాట వర్ణక్రమమున ‘యు’ అక్షరమును వదలెనట. బ్రౌనుకు అది మహాపరాధము. అధ్యాపకుడు కృష్ణన్‌కు ఒళ్ళు మండినది. ముప్పది యేండ్లు ఈ దేశమున నుండియు, పిల్లి ఎలుకను తఱుముచున్నదను చిన్న వాక్యమును ఇచటి వందల భాషలలో ఏ యొక్కదానిలోనైనను ఆ దొర చెప్పగలడా యని అతని ప్రశ్న. ఈ ప్రశ్న బ్రౌనుకు వేసినది. నేడు దానిని మన ఇండ్లలోనే వేయవలసియున్నది. ఇంగ్లీషునకు అడ్డు వచ్చునని తెలుగును మాన్పించిన తల్లిదండ్రులు చెన్నపట్టణమున ఉన్నారు, బెంగుళూరున ఉన్నారు. తమిళనాడున 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత పిల్లవానిపై మూడు భాషల బరువు పడినది నిజమే. ఆ బరువులో దేనిని దింపవలెనన్న ఆలోచన వచ్చినపుడు మొదట చేయి పడునది తెలుగుపైననే.

వార్తలు, ఆటలు చదువుటలోని రహస్యము ఇచటనే బయటపడును. హిందూ సంపాదకీయము గీతలను మాత్రమే ఏల మిగిల్చెను? చదువు బాలునకు ఆ విషయము ముందు తెలియదు. మాటయు క్రొత్తది, సంగతియు క్రొత్తది. క్రీడాపుటయందు అట్లు కాదు. ముందటి సాయంకాలము రేడియోలోనో దూరదర్శన్‌లోనో ఆట చూచినవాడు మఱునాటి ఉదయము పత్రికను తెఱచినపుడు, జరిగినది వానికి తెలిసియే యున్నది. తెలియని క్రియాపదము సైతము తెలిసిన సంఘటనపై వచ్చి వ్రాలును. హిందూ సంస్థ 1947 నుండి 1968 వఱకు నడపిన ‘స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్’ వారపత్రికయు, 1978లో వెలువడిన ‘స్పోర్ట్‌స్టార్’ పత్రికయు ఎందఱకు ఇంగ్లీషు నేర్పెనో లెక్క లేదు. అయితే క్రికెట్టు భాషకు తన వెఱ్ఱి తనకున్నది. ‘డక్’ అనగా సున్న యని, ‘మెయిడెన్’ అనగా పరుగులు రాని ఓవరని నేర్చినవానికి, బాతును కన్యను తెలుపు అర్థములు పిదప తెలియును. వాడు బిన్నువారి ఉత్తరము నొద్ద ఆగకతప్పదు.

తెలుగువారికి ఈ క్రీడాపుట వట్టి పరాయి సరకు కాదు. భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు 1932లో లార్డ్స్ మైదానమున నాయకత్వము వహించిన సి. కె. నాయుడు మహారాష్ట్రమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో నాగపురమున జన్మించినవాడు. టేట్ వచ్చిన ఆ గిల్లిగన్ జట్టుపైననే 1926 డిసెంబరులో బొంబాయిలో 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి ఆయన ప్రసిద్ధికెక్కెను. ఆయన కుమార్తె చంద్ర నాయుడు ఇందూరు కళాశాలలో ఇంగ్లీషు బోధించెను. మన దేశమున క్రికెట్టు వ్యాఖ్యానము చేసిన తొలి మహిళలలో ఒకరయ్యెను. 1995లో తండ్రిని గూర్చి ఇంగ్లీషున గ్రంథము వ్రాసెను. కళాశాల, ఆట, ఇంగ్లీషు మూడును ఒక తెలుగు వంశమున ఇట్లు కలిసినవి. ఇట్టి పుటలు వాచకములలో చేర్చుటకు ఎవరికిని తోచకపోవుట చింతింపదగిన విషయము.

సంగతి ముందు, మాట పిదప అను ఈ మార్గము మనకు క్రొత్తది కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాషను నేర్చినది సవరల నోటినుండి, వారి పనిపాటల నడుమ. 1936లో ఆ ఊరు ఒడిషాలో చేరినపుడు ఆయన రాజమహేంద్రవరమునకు తరలెను. జీవద్భాషయే బోధభాష కావలెనన్న ఆయనకు, నిజము చెప్పవలెనన్న, ఈ వ్యాసపు భాష నచ్చియుండదు. ఆయన పట్టుదలనుండి అన్యరాష్ట్రముల తెలుగు బడులు గ్రహింపదగినది ఒకటి కలదు. ఆట ఫలితమును, ఎన్నికల వార్తను పిల్లవాడు ముందు తెలుగు పత్రికలో చదువవలెను. వెంటనే అదే వార్తను ఇంగ్లీషు పత్రికలో చదువవలెను. అపుడు తెలుగు అడ్డుగోడ కాదు, తాళపుచెవి. మూడవ భాషగా తెలుగును వదలుకొన్న బాలుడు ఆ తాళపుచెవిని పాఱవైచి తలుపు నొద్ద నిలుచున్నాడు.

బిన్నువారి ఉత్తరమును సైతము ఇట్లే నేర్పవచ్చును. నవలను చదువుటకు ముందు పిల్లవాడు ఊరి దుకాణదారునకు తెలుగున ఒక జాబు వ్రాయవలెను: బంతులు కావలెను, సొమ్ము పిదప ఇత్తుము. దుకాణదారుడు ఏమని బదులు వ్రాయునో దానిని సైతము వాడే వ్రాయవలెను. ముందుగా నాలుగవ వంతు పంపుడని, పంపినచో సంతోషింతుమని వాని కలమే వ్రాయును. అటుపిమ్మట ఇంగ్లీషు ఉత్తరమును విప్పినచో మణి తికమకపడిన మాట దాని చోట అది కూర్చుండును. మాల్గుడిలో ఆ పని చేయించినవారు లేరు. ఎం.సి.సి. జట్టు ఉన్న సామగ్రితోనే ఆట మొదలుపెట్టెను.