అవధానంలో నిషిద్ధ మనిషి

అవధానాన్ని మన పండితులు ధారణకు పరీక్షగానే చూశారు. మేం దాన్ని పదిమంది కూడి పద్యం కట్టే ఆటగా చూస్తున్నాం. దత్తపదిలో పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తాడు, అవధాని వాటిని నాలుగు పాదాల్లో ఇమడ్చాలి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డం పడతాడు, ఆ అడ్డంకిలోంచే పద్యం పుట్టాలి. ఈ ఆటలో అందం ఉంది, కాదనం.

అయితే ఏ అక్షరం నిషిద్ధమో సభలో పైకి చెప్తారు. ఏ మనిషి నిషిద్ధమో చెప్పరు. వినుకొండలో ఒక అవధాన సభలో జాషువా పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి ఎందుకు రానిచ్చారని అవమానించారు. ఆయన 1895లో ఆ వినుకొండలోనే గొల్ల తండ్రికీ మాదిగ తల్లికీ పుట్టినవాడు. అభ్యంతరం పద్యం మీద కాదు, పుట్టుక మీద. అవధాన నియమాల్లో ఎక్కడా లేని ఈ నియమమే అన్నిటికన్నా ముందు పనిచేసింది.

అట్లాంటప్పుడు జాషువా ఆ పద్యాన్నే ఎందుకు పట్టుకున్నాడని కొందరు అడగొచ్చు. 1941లో వచ్చిన 'గబ్బిలం' చూడండి. కాళిదాసు మేఘసందేశపు కట్టడిని ఉంచి, ఆటగాళ్లని మార్చేశాడు. యక్షుడి చోట అరుంధతీసుతుడు, మేఘం చోట గబ్బిలం. కబురు ప్రియురాలికి కాదు, కాశీలోని శివుడికి. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికుంది! సంప్రదాయం దాచిన నిషేధాన్ని ఆ సంప్రదాయపు నియమాలతోనే బయటపెట్టాడు.

కాబట్టి సమష్టి సృష్టి అని ఏ కళను పొగిడినా, ఆ సమష్టిలో ఎవరిని కూచోనిచ్చారన్నదే మేం ముందు అడుగుతాం. ఛందస్సు సంగతి ఆ తర్వాత.