నాలుగు స్వరముల రాగము

కోనసీమలో రాజోలు ప్రాంతమున శంకరగుప్తమను గ్రామము గలదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930 జూలై 6వ తేదీన జన్మించిన దచ్చటనే. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువును, తల్లి సూర్యకాంతమ్మగారు వీణను వాయించెడివారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులగుటచే వీరు త్యాగరాజస్వామి శిష్యపరంపరలో చేరిరి. విజయవాడ రేడియోలో భక్తిరంజని విని పెరిగిన గృహములకు వీరి కంఠమును గూర్చి మేము చెప్పవలసినది లేదు. అయితే వాగ్గేయకారుడుగా వారిని మనమింకను సరిగా వినలేదని మా యభిప్రాయము.

ఐదు స్వరములకు తక్కువైనది రాగము కానేరదని పెద్దల మతము. వీరు నాలుగు స్వరములతో మహతిని, లవంగిని, మూడింటితోనే సర్వశ్రీని కల్పించితి మనిరి. 1980ల దశకమున వీణావిద్వాంసులు ఎస్. బాలచందరుగారు దీనిని తీవ్రముగా ఖండించిరి. కలహము పెద్దదాయెను, పాటను విని తీర్పు చెప్పినవారు మాత్రము కొద్దిమందియే.

మహతిలో నున్నవి షడ్జము, అంతరగాంధారము, పంచమము, కైశికినిషాదము. పాశ్చాత్యుడు పియానోపై ఈ నాలుగింటిని ఒక్కమారుగ నొక్కును. అతని కది క్షణకాలపు స్వరమేళనము. దానినే మనవారు కాలములో సాగదీసి పాడిరి. మెట్టునకు మెట్టునకు నడుమ ఎడమెక్కువ గనుక గమకమునకు తావు తక్కువ. జారుటకంటె దుముకుటయే యెక్కువ. మూడు స్థాయిలలో అవలీలగా తిరుగు కంఠము కలవారికే ఇది సాధ్యమని మొదట మేమును శంకించితిమి. కాని 1975లో వచ్చిన ‘అపూర్వరాగంగళ్’ అను తమిళ చిత్రమున ఎం. ఎస్. విశ్వనాథన్‌గారు మహతిని వాడి ఏసుదాసుగారిచే పాడించిరి. కన్నవాని నోరు విడిచి పరుల నోట బ్రతికినదానిని రాగము కాదనుట యెట్లు? పంచమము లేని లవంగియు మాకు సమ్మతమే. సర్వశ్రీ విషయమున మాత్రము మేము ఆక్షేపకుల పక్షము. షడ్జ మధ్యమ పంచమములతో జేసినది సాము గారడియే కాని, అందు మనసు నిలుచుటకు చోటు లేదు.

ఈ రగడలో మరుగుపడినది అంతకంటె పెద్ద కార్యము. 72 మేళకర్తలలోను వీరు నవయౌవనముననే కృతులు రచించిరి. అందు పెక్కు రాగములు మన పిల్లలకు పట్టికలోని పేర్లే; పాఠము చెప్పువారు మాయామాళవగౌళ, శంకరాభరణము, కల్యాణి, ఖరహరప్రియ దాటి పోవుటయే అరుదు. రాగలక్షణమును చూపుటకు పాట యొకటి చేత నుండగా ఆరోహణావరోహణములను వల్లెవేయించుటతో ఎందుకు తృప్తి పడుచున్నారో మాకు తెలియదు. వీరు 2016 నవంబరు 22వ తేదీన చెన్నపురిలో గతించిరి. నాటినుండి సభలలో మహతిని గూర్చిన ప్రశంస వినుచునే యున్నాము; ఆ 72 కృతులలో ఒక్కటి వినుటకు ఇంకను ఎదురుచూచుచున్నాము.