కొయ్య కోయక మునుపు

వడ్రంగి పనికి యంత్రము వచ్చిన పిమ్మట పనితనమంతయు యంత్రమునకే సంక్రమించినదని లోకులు తలంతురు గాని, యంత్రమును సరిగా నిలువబెట్టుటయే నేటి వడ్రంగి నైపుణ్యములో సగపాలని కర్మశాలలో ఒక్కపూట నిలిచి చూచినవారికి తెలియకపోదు. చేతిరంపముతో కోయువాడు గీత తప్పినచో మణికట్టు త్రిప్పి ఆ క్షణమందే దిద్దుకొనును; రంపపు మిషను అట్లు దిద్దుకొనజాలదు. దాని బ్లేడు ఆధారపు పట్టీకి వెంట్రుకవాసి వంకరగా నున్నచో ఆ వంకరనే నూరు పలకలకును నిష్పక్షపాతముగా పంచిపెట్టును.

ఈ వంకరను కొయ్య కోయక మునుపే పట్టుకొనుటకు ఇప్పుడు డిజిటల్ కొలమానములు వచ్చినవి. 1631లో పియెర్ వెర్నియె ప్రకటించిన జారుడుకొలతను ఆశ్రయించిన కాలిపర్‌నందు ఏ గీత ఏ గీతతో కలిసినదో కన్ను చికిలించి చూడవలసియుండెడిది. డిజిటల్ కాలిపర్, జారుభాగమునకును దండమునకును నడుమ విద్యుద్ధారణశక్తి మారు తీరును లెక్కించి, మిల్లీమీటరులో నూరవవంతువరకు అంకెను తెరపై చూపును. అంకె అంతవరకు కనబడినంతమాత్రమున కొలతయు అంతవరకు సత్యమని భ్రమింపరాదు. మంచి కాలిపర్ సైతము రెండుమూడు నూరవవంతులు అటునిటు పలుకుట సహజము. నా తలంపున ఆ తెరకన్న దాని ప్రక్కనున్న సున్న మీటయే మిక్కిలి విలువైనది. ఏ స్థితినైనను ఆధారముగా గైకొని ఆ మీట నొక్కినచో, అటుపిమ్మట కనబడునదంతయు ఆ స్థితికిని ఈ స్థితికిని గల భేదమే. యంత్రమును సరిదిద్దువానికి కావలసినది ఈ భేదమొక్కటే.

రంపపు మిషను బల్లపై నిడుపుగా ఒక గాడి యుండును. తక్కిన సర్దుబాట్లన్నియు దానినిబట్టియే సాగును. విద్యుత్తు తీగను ఊడదీసి, ఆ గాడిలో జరుగు చెక్కకు డయల్ గేజీని బిగించి, బ్లేడుపై ఒక పంటికి సుద్దతో గుర్తుపెట్టి, ఆ పన్ను ముందువైపున నున్నప్పుడు గేజీ మొనను దానికి తాకించి సున్న నొక్కి, పిదప బ్లేడును చేతితో త్రిప్పి అదే పన్నును వెనుకకు తెచ్చి, గేజీని గాడివెంట జరిపి మరల కొలుతురు. వేర్వేరు పండ్లను కొలిచినచో బ్లేడునకు స్వతస్సిద్ధమైన వంపుకూడ లెక్కలో చొరబడును గనుక, రెండుచోట్లను ఒకే పన్నును కొలుచుటలోనే ఈ పద్ధతి తెలివియంతయు నున్నది. భేదము మిల్లీమీటరులో పదవవంతునకు మించినచో బల్లక్రింది బోల్టులను వదులుచేసి సరిదిద్దుదురు. ఆధారపు పట్టీనికూడ ఇట్లే చూడవలెను. అది వెనుకవైపున బ్లేడు దరికి ఒరిగినచో కొయ్య నడుమ నొక్కుకొని పనివాని మీదికి ఎగిరివచ్చును.

బ్లేడు నిలువును చూచుటకు అయస్కాంతపు కోణమాపకము కలదు. అది భూమ్యాకర్షణ దిశనుబట్టి వాలును గ్రహించును గనుక, మొదట బల్లపై నుంచి సున్న నొక్కి పిదప బ్లేడునకు అంటించినచో, కర్మశాల నేల పల్లమైనను చింతలేదు. కాని కొయ్యను అడ్డముగా త్రోయు మైటరు గేజీ బల్లమీదనే పరుండి తిరుగును. ఆ కోణమును ఈ పరికరము ఎరుగదు. అచ్చట గణితము తోడురావలెను. చదరపు పలకను తీసికొని, ఒక అంచు కోసి, కోసిన అంచునే మైటరు గేజీ పట్టీకి ఆనించి రెండవదానిని, అట్లే మూడవ నాల్గవ అంచులను కోసి, అయిదవ పర్యాయము మొదటి అంచునుండి సన్నని బద్దను తీయుదురు. ప్రతి మలుపునందును కోణదోషము కూడుచు వచ్చి ఆ బద్దయందు నాలుగింతలై నిలుచును. బద్ద పొడవు 500 మిల్లీమీటర్లై, రెండు కొసల వెడల్పులకు 0.8 మిల్లీమీటరు భేదమున్నచో, నిజమైన దోషము అంత పొడవునకు 0.2 మిల్లీమీటరు. మూలమట్టము ఆనించి వెలుతురునకు పట్టి చూచినను సందేహముగానే మిగులు స్వల్పదోషమును నాలుగింతలు చేసి కాలిపర్ నోటికి అందించు ఈ ఉపాయము నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. ఇంత శ్రమ వ్యర్థమనువారు పటముకట్టు చట్రమును తలచుకొందురు గాక: దాని నాలుగు మూలలకు ఎనిమిది వాలుకోతలు కావలెను, అన్నియు ఒకేవైపునకు పావు డిగ్రీ తప్పినచో కడపటి మూల రెండు డిగ్రీలు విచ్చుకొనును.

చిత్రిక మిషనునందు కత్తుల అంచు వెనుకబల్లతో సమమట్టమున నుండవలెను. బల్ల పల్లమైనచో పలక చివర గుంట పడును. ఎత్తు గేజీ లేనివారు తిన్నని బద్దను ఆ బల్లపై నుంచి, కత్తులను చేతితో త్రిప్పి, అన్నియు దానిని సమదూరము జరుపుచున్నవో లేదో చూచెదరు. ఇదియు భేదమును కొలుచుటయే. దీనికి బ్యాటరీ అక్కరలేదు.

మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టమైనను మన వడ్రంగులు నేటికిని అంగుళములలోను, అంగుళమున ఎనిమిదవవంతగు నూలులోను మాటలాడుదురు. ప్లైవుడ్ షీటు మాత్రము పొడవువెడల్పులకు అడుగులును మందమునకు మిల్లీమీటర్లును గలిగి అంగడికి వచ్చును. కాలిపర్ మీట యొకటి రెండు పద్ధతులను క్షణములో మార్చి చూపును. అయినను 18 మిల్లీమీటర్లని అమ్మిన షీటు నిజముగా 18 ఉండునను నియమము లేదు. కావున ఆ షీటు మందమునందే కాలిపర్‌ను సున్న చేసి, పిదప దానికై కోసిన గాడిని కొలిచినచో, అంకె చూడగానే వదులో బిగువో తెలియును.

టేకుపలకయే వానలలో ఉబ్బి వేసవిని ముడుచుకొని ఒకటిరెండు మిల్లీమీటర్లు మారుచుండగా ఈ నూరవవంతుల గొడవ ఏల యని వృద్ధులైన పనివారు ఆక్షేపింతురు. ఆక్షేపణ న్యాయమే, కొయ్యను నూరవవంతున కొలుచుట నిరర్థకము. కాని కొయ్య మార్పు ఋతువుతో వచ్చిపోవును. యంత్రదోషము ప్రతి కుసియందును ప్రతి బెజ్జమందును ఒకే దిక్కున పేరుకొనును. అందుచేత బ్లేడు మార్చినప్పుడును, మిషను చోటు కదలినప్పుడును, కాలిపర్ నోటిలోని రంపపుపొట్టు తుడిచి, మూసి, సున్న వచ్చినదో లేదో చూచుకొని, మరల మొదటినుండి పరీక్షింపవలెను.