పట్టు పండాలంటే

కబడ్డీ చూడవచ్చినవాళ్ల కళ్లన్నీ కూత మీదే ఉంటాయి. జగిత్యాల దిక్కు ఏ ఊళ్లో సంక్రాంతికో జాతరకో పోటీలు పెట్టినా మైకులో మోగేది కూతకు పోయినవాడి పేరే. ఇద్దరిని ముట్టి గీత దాటితే ఈలలు, కేకలు. అదే కూతగాణ్ని అవతలివాళ్లు నేలకు అదిమితే "దొరికిండు" అంటారు. "ఫలానావాడు పట్టిండు" అనేవాళ్లు తక్కువ. దొరకడం వాడి పొరపాటే తప్ప పట్టడం ఇంకొకరి పనితనం కాదన్నట్టు! ఈ ఆటలో అసలు విద్య పట్టే చేతుల్లోనే ఉందని నా నమ్మకం.

"ఏడుగురు కలిసి ఒక్కణ్ని పట్టడం గొప్పా?" అని అడుగుతారు ఆట తెలియనివాళ్లు. గొప్పే. కూతగాణ్ని ఆపితే వచ్చేది ఒక్క పాయింటు. వాడు జారిపోయి నడిగీతను వేలికొసతో తాకినా చాలు, వాడి మీద చెయ్యేసిన ప్రతివాడూ ఔటు. అంటే పట్టబోయిన ప్రతి చెయ్యీ పందెం కాసినట్టే. మగవాళ్ల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఒక్కో జట్టు కాచుకోవలసింది ఆరున్నర మీటర్ల నేల. నడిగీతకు 3.75 మీటర్ల దూరాన, ఎవరినీ ముట్టకపోతే కూతగాడు దాటి తీరాల్సిన బాక్ లైను, దానికి ఒక మీటరు వెనుక అదనపు పాయింటు తేగల బోనస్ గీత. బోనస్ గీత దగ్గర కాలు దొరికినా ఆరడుగుల మనిషి చేతులు చాచి ముందుకు దూకితే నడిగీతకున్న దూరంలో సగం ఒక్క ఊపులో అయిపోతుంది. మిగతా సగం ఈడ్చుకుపోవడానికి వాడికి బలం ఉంటే చాలు. ఆ బలాన్ని రెప్పపాటులో చంపాలి.

అందుకే పట్టు ఒక్కరి పని కాదు. మొదలు మాత్రం ఒక్కరిదే, చాలాసార్లు మూలన, అంటే కార్నర్‌లో నిలబడ్డవాడిది. వాడు చూసేది కూతగాడి ముఖాన్ని కాదు, నడుమును. ముఖం అబద్ధమాడుతుంది, చేతులు ఆశపెడతాయి, నడుము ఎటు తిరిగితే మనిషి అటే పోవాలి. బోనస్ కోసం కాలు చాచినప్పుడో, వెనక్కి తన్నినప్పుడో కూతగాడి బరువంతా రెండో కాలి మీద పడుతుంది. ఆ క్షణంలో చాచిన కాలు దిక్కులేనిది. కార్నర్ అప్పుడే పడాలి. ఒక చెయ్యి మడమ వెనుక, ఒక చెయ్యి పాదం మీద, భుజం పిక్కకు ఆనించి, కాలును తనవైపు లాక్కుంటూ పైకి లేపాలి. లేపకుండా లాగితే కూతగాడు ఒంటికాలితో గెంతుతూ కార్నర్‌ను కూడా ఈడ్చుకుపోతాడు. పావు సెకను ముందు పడితే చేతికి మన్ను మిగులుతుంది, ఆలస్యమైతే కూతగాడు మిగలడు. బాగా నేర్పే కోచ్‌లు బరి పక్కనుంచి అరిచేది ఎక్కువగా ఒకటే మాట: "ఆగు, కాలు రానియ్!"

తొడ పట్టు వేరు. దానికి ధైర్యం కావాలి, తల ఎక్కడ పెట్టాలో తెలియాలి. తల తొడకు బయటివైపు ఉండాలి. లోపలికి పెడితే మోకాలి దెబ్బ దవడకే. రెండు చేతులూ తొడ చుట్టూ పెనవేసి, వేళ్లు లంకె వేసి, నడుములోంచి లేవాలి. కూతగాడు తిరుగుముఖం పట్టినప్పుడు వెనుకనుంచి వేసేది నడుం పట్టు. వాడు పక్కగీత దగ్గరికి వస్తే పట్టే పనే లేదు, భుజంతో ఒక్క డ్యాష్ ఇచ్చి బయటికి తోసేయొచ్చు. ఇద్దరు చేతులు కలిపి నిలబడితే అది చైను. ఒకడు అడ్డం పడతాడు, ఇంకొకడు చుట్టుకొస్తాడు. చైనుకు శత్రువు దుబ్కీ. వంగి ఆ చేతుల కిందనుంచి దూరిపోవడంలో పర్దీప్ నర్వాల్‌ను మించినవాణ్ని నేను చూడలేదు.

ఇక కవర్ ఆటగాళ్లు. నాకు అందరికంటే ఇష్టమైనవాళ్లు వీళ్లే. కార్నర్ కాలు పట్టిన చప్పుడుకే కవర్ కూతగాడికీ నడిగీతకూ మధ్య గోడలా పడాలి. చూసి, ఆలోచించి, అప్పుడు కదిలితే కుదరదు. అందుకే మంచి కార్నర్, కవర్ ఏళ్ల తరబడి పక్కపక్కనే ఆడినవాళ్లై ఉంటారు. ఒకే బడి, ఒకే గల్లీ వాళ్లయితే మరీ మంచిది. బలవంతుడు ఎక్కడైనా దొరుకుతాడు, ఇలాంటి జోడీ దొరకదు.

ఇంత పట్టులోనూ హద్దులున్నాయి. బట్టలు, జుట్టు పట్టి లాగకూడదు, నోరు మూసి కూత ఆపకూడదు, కాళ్లతో కత్తెర వేయకూడదు. పడేయాలి, విరగ్గొట్టకూడదు.

మా దిక్కు పిల్లలు ఈ పట్టు విద్య నేర్చుకునేది చాలావరకు మట్టిలోనే. నేల తవ్వి, గడ్డలు పగలగొట్టి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లి చదును చేసి సున్నంతో గీతలు గీస్తారు. ఉత్తకాళ్లతో ఆడతారు, బొటనవేలు మట్టిలో దిగి పట్టు ఇస్తుంది. పెద్ద పోటీలకు పోతే మ్యాటు, బూట్లు. మ్యాటు మీద కూతగాడి పాదం ఇంకా వేగంగా లేస్తుంది. మట్టిలో సరిగ్గా పడిన చెయ్యి అక్కడ అర జానెడు వెనకబడుతుంది. గురుకులాల్లో ఆడే ఆడపిల్లల బరి 12 మీటర్లకు 8 మీటర్లే. నేల చిన్నదవడంతో వాళ్ల ఆటలో పట్టు ఇంకా తొందరగా, ఇంకా దగ్గరగా పడుతుంది. చూడముచ్చటైన ఆట అది.

డిఫెండర్ విలువ ఎలా కొలవాలో ఆలోచించినప్పుడల్లా నాకు మన ఎండలకు ఏ సంబంధమూ లేని ఒక మనిషి గుర్తొస్తాడు. స్వీడన్‌కు చెందిన నిక్లస్ లిడ్‌స్ట్రోమ్, ఐస్ హాకీ డిఫెన్స్ ఆటగాడు. 1970లో పుట్టాడు. 1989లో అమెరికాలోని డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టు కొత్త ఆటగాళ్ల ఎంపికలో అతన్ని తీసుకుంది, అదీ మూడో రౌండ్‌లో, 53వ పేరుగా. 1991 నుంచి 2012లో ఆట మానేసేదాకా 20 సీజన్లు ఆ ఒక్క జట్టుకే ఆడాడు. 1997, 1998, 2002, 2008లలో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ నాలుగుసార్లు గెలిచాడు. 2006 ఒలింపిక్స్ ఫైనల్లో ఫిన్లాండ్ మీద స్వీడన్‌ను గెలిపించిన గోల్ అతనిదే. ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ ఏడుసార్లు అందుకున్నాడు.

ఐస్ హాకీ డిఫెన్స్ అంటే గుద్ది పడేయడమే అనుకునే రోజుల్లో ఇతను గుద్దడం మీద ఆధారపడలేదు. మంచు మీద వెనక్కి జారుతూ, తనకూ దూసుకొచ్చేవాడికీ మధ్య ఎడం చెడకుండా చూసుకుంటూ, వాణ్ని మెల్లగా పక్కగోడవైపు తోలి, కర్ర కొసతో పక్‌ను, అంటే ఆ ఆట బిళ్లను, తప్పించేవాడు. 1,564 మ్యాచ్‌లలో తప్పులకు అతనికి పడ్డ శిక్షా కాలం మొత్తం 514 నిమిషాలే. కార్నర్‌లో నిలబడి "కాలు రానియ్" అని ఓపిక పట్టే మన పిల్లవాడి విద్యా ఇదే జాతిది.

లిడ్‌స్ట్రోమ్ చివరి నోరిస్ ట్రోఫీ 2011లో వచ్చింది, అప్పటికి 41 ఏళ్లు. కబడ్డీలోనూ ఇరాన్ కార్నర్ ఫజల్ అత్రాచలి ముప్పై దాటాక కూడా ప్రొ కబడ్డీలో పట్టు పాయింట్ల లెక్కలో అందరికంటే పైన నిలిచాడు. 2018 ఆసియా క్రీడల సెమీఫైనల్లో మన జట్టును 27-18తో ఓడించిన ఇరాన్ జట్టులో అతనూ ఉన్నాడు. కూతకు కుర్రతనం చాలేమో గాని పట్టు పండటానికి ఏళ్లు కావాలి. ఎన్ని నడుములు ఎన్ని తీర్ల తిరగడం చూస్తే ఆ చూపు వస్తుంది!

మన దగ్గర సరిగ్గా ఆ ఏళ్లే కరువు. కోరుట్లలో, జగిత్యాల పల్లెల్లో ఇరవై దాటిన పిల్లవాడు పాస్‌పోర్టు తీసుకుని గల్ఫ్ దారి పడతాడు. సిరిసిల్లలో మరమగ్గాల షిఫ్టు చేసి వచ్చినవాడి కాళ్లలో సాయంత్రం ఆటకు సత్తువ మిగలదు. బడి జట్టులో మెరిసిన కార్నర్ తన విద్య పండకముందే బరి వదిలేస్తున్నాడు. బతుకుతెరువు కోసం పోయేవాణ్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ పోయినవాడు ఎంతటి ఆటగాడో చెప్పే కాగితం ముక్క కూడా ఊళ్లో ఉండకపోవడం నన్ను బాధిస్తుంది.

ఐస్ హాకీవాళ్లు ఈ లెక్క మనకంటే బాగా రాస్తారు. ఒక గోల్ పడితే కొట్టినవాడితో పాటు దానికి పక్ అందించిన ఇద్దరి పేర్ల దాకా రాస్తారు. లిడ్‌స్ట్రోమ్ కొట్టిన గోల్స్ 264, తోడ్పడినవి 878. ఇంకో లెక్క కూడా ఉంది: అతను మంచు మీద ఉండగా తన జట్టు చేసిన గోల్స్‌లోంచి అవతలివాళ్లు చేసినవి, కొన్ని మినహాయింపులతో, తీసేస్తే 450 మిగిలాయి. ఉత్తినే నిలబడ్డాడనిపించే ఆటగాడి పని ఆ ఒక్క అంకెలో కనిపిస్తుంది. మన టీవీ కబడ్డీలో పట్టు పాయింటు ఒక్కరి ఖాతాలోనే పడుతుంది. గోడలా పడ్డ కవర్‌కు ఏమీ లేదు. కూతగాడు భయపడి అటు మూలకే పోకుండా ఖాళీగా తిరిగెళ్తే, అలా భయపెట్టినవాడికీ ఏమీ లేదు.

ఊరి పోటీల్లో స్కోరు రాసేది చాలాచోట్ల ఓ నోటుబుక్కులోనే. అందులో మూడు గడులు ఎక్కువ గీస్తే చాలు: మొదటి చెయ్యి ఎవరిది, తోడు పడ్డది ఎవరు, ఖాళీ కూతలో కూతగాడు ఏ మూలను వదిలేశాడు. కోరుట్ల, మెట్‌పల్లి, వేములవాడ, సిరిసిల్ల పోటీల్లో రెండేళ్లు ఇలా రాసిపెడితే, జిల్లా జట్టును ఎంపిక చేసేవాళ్లు కూతల పక్కన ఈ గడులూ తిరగేస్తారు. మైకులో ఒక్కసారి కూడా పేరు వినపడని కవర్ ఒకడు అందులో తప్పకుండా దొరుకుతాడు.